పట్టికలో మొదటి నాటకం

ఆ రోజుల్లో కలకత్తాలో ఒకే నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడే హాళ్లు ఉండేవి. గురువారం, శనివారం ఒక్కో ఆట, ఆదివారం రెండు. నేను ఖరగ్‌పూర్ వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో కొత్తగా చేరిన డిప్లొమా వాణ్ణి. నెలకో ఆదివారం పొద్దున్నే బండెక్కి హౌరాలో దిగేవాణ్ణి. మూడు గంటల ఆట చూసి సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ణి. చూసిన ప్రతి నాటకానికీ నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసేవాణ్ణి. కథ ఏమిటి, ఎన్నో ప్రదర్శన, చూడదగ్గది ఏది, లోపం ఏది.

నాలుగో గడిలో ఎప్పుడూ చోటు చాలేది కాదు. వకీలు ఇంటి కథ ఒకటి రెండేళ్లుగా ఆడుతోంది. అందులో రంగస్థలం గుండ్రంగా తిరిగి, వసారా పోయి పడకగది వస్తుంది. అది చూడదగ్గది. తిరిగేటప్పుడు కింద బేరింగు కీచుమంటుంది. గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో! తల్లి వేషం వేసినావిడ, కొడుకు పోయాడన్న కబురు రాకముందే కొంగు కళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. అన్ని వందల సార్లు విన్న కబురు, ముందే తెలిసిపోయింది. ఇంకో నాటకంలో విలన్ రోజూ ఒకే చోట గ్లాసు పగలగొడతాడు. ముక్కలు ఊడ్చే మనిషి, గ్లాసు ఇంకా విలన్ చేతిలో ఉండగానే చీపురు పట్టుకుని తెర పక్కన కనబడతాడు. ఎక్కువ కాలం ఆడిన నాటకం ఎక్కువ మంచిదని జనం అనుకుంటారు. ఎక్కువ కాలం తిరిగిన చక్రం ఎక్కువ అరుగుతుందని వర్క్‌షాపులో ఎవరినడిగినా చెబుతారు.

ఈ పట్టికను శుభ్రంగా ఎత్తిరాసి మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డుకు గుచ్చాను. పాసుల మీద కలకత్తా వెళ్లే తెలుగువాళ్లకు పనికొస్తుందని. అక్కడితో ఊరుకోలేదు. అడుగున ఇలా చేర్చాను: "మన వార్షికోత్సవంలో ఏటా ఆడే పద్యనాటకానికి ఈ పట్టికలో చోటు లేదు. అది నాటకం కాదు, కిరీటాలు పెట్టుకుని చేసే పాటకచేరీ."

ఆ కిరీటం మా అక్క మొగుడిది.

బావ బాయిలర్ షాపులో రివిట్లు కొట్టేవాడు. ఏడాదికి ఒక్కరోజు రాజు. ఆయన పద్యం ఎత్తుకుని చివర రాగం లాగి ఆపగానే హాలు వెనక నుంచి 'వన్స్ మోర్' అని కేక పడేది. కేక పడితే కథ ఆగాల్సిందే, పద్యం మళ్లీ రావాల్సిందే. ఒక ఏడు శత్రువులు కోట చుట్టుముట్టారని కబురు తెచ్చిన భటుడు, ఆ కబురు చెప్పడానికి మూడు వన్స్ మోర్‌లు అయ్యేదాకా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మారుస్తూ నిలబడ్డాడు. అది చూసి హాల్లో ఎవరూ నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వాను. బావ పైనుంచి నన్ను చూశాడు. మా మధ్య పగ అప్పటిది.

పట్టిక గుచ్చిన మర్నాడు క్యారమ్స్ ఆడేవాళ్లందరి ముందూ నన్ను పట్టుకున్నాడు.

"ఏటిరా, పాటకచేరీ అన్నావంట?"

"అన్నాను."

"మరి పాటకచేరీకి గద ఎందుకురా? నీలాటోడి బుర్ర మీద ఎయ్యడానికా?"

అందరూ నవ్వారు.

"నీ కాయితంలో మొదట ఉన్న నాటకమేటి? ఈ ఆదోరం నన్ను దానికి తీసుకెల్లు. అది మనదానికన్నా బాగుంటే కిరీటం పెట్టిలో ఎట్టీసి తాళం ఏసెత్తాను. ఈ ఏడు ఉత్సవం నీది. నేదంటే ఆ కాయితం నీ సేత్తోనే సింపాల, ఈ బోర్డు ముందరే."

"బాగుందో లేదో చెప్పేదెవరు?"

"నానే సెప్తాను. నీ మాట నాను నమ్మను. నా మాట నువ్వు నమ్మాల."

షరతులో న్యాయం లేదని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. వెనక్కి తగ్గితే నవ్విన వాళ్లు మళ్లీ నవ్వేవాళ్లు.

ఆ సాయంత్రం ఝపటాపూర్‌లో అక్క ఇంటికి వెళితే, ఆమె చేపలు కడుగుతూ తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఒరే, పందెం మానీరా. నీకు తెలవదు. ఆయనకి సెవులు పోతన్నాయి. రివిట్ల మోత. ఎడం సెవి ఎప్పుడో పోనాది. కుడి సెవి కాసింత ఉంది. పోనేడు హార్మోనీ ఆయన కాళ్ల కాడికి జరిపీసినారు, సూడనేదా? ఈ ఏడు దాటితే సుతి అందదు. ఈ ఒక్క ఏడు ఆడనీ."

"అది చెవుల డాక్టరుకి చెప్పాల్సిన మాట అక్కా. నాకు కాదు."

ఆమె కత్తిపీట పక్కకు తోసి నన్ను చూసింది.

"నువ్వు నా తమ్ముడివి కాదురా. స్కేలుబద్దవి."

ఆదివారం బండిలో బావ నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఉత్సవానికి కట్టే పట్టంచు పంచె కట్టాడు. ఒళ్లో అక్క ఇద్దరికీ కట్టిచ్చిన చపాతీల మూట. మూడు గంటల ప్రయాణంలో ఆయన నాతో అన్న మాట ఒక్కటే: "కాళ్లు తీ."

నా పట్టికలో మొదటిది పడవల రేవు కథ. హాలు ముందు మూడు వందల యాభయ్యో రాత్రి అని పూలతో రాసిన బోర్డు పెట్టారు. మూడో వరసలో కూర్చున్నాం. బావ తల ఎడమకు తిప్పి కుడి చెవి వేదిక వైపు పెట్టాడు. బెంగాలీ ఆయనకు బాగా వచ్చు, షాపులో సగంమంది బెంగాలీలే. మొదటి గంటంతా గొణుగుతూనే ఉన్నాడు. "పద్యం ఏదిరా? ఈ మాటలు మా ఇంటి కాడ రోజూ మాటాడుకుంటాం." వెనక సీటు ఆయన రెండుసార్లు గొంతు సవరించాడు.

తర్వాత తుఫాను వచ్చింది. నా మూడో గడిలో రాసింది దాని గురించే. దీపాలు మెల్లగా, కంటికి తెలియనంత మెల్లగా తగ్గాయి. మెరుపు, రేకు ఉరుము, నల్లగుడ్డ అలలు. వెళ్లిన పడవ తిరిగి రాలేదు. తుఫాను ఆగాక రేవు గుమాస్తా, ముసలివాడు, లాంతరు పట్టుకుని ఒక్కడే వచ్చాడు. ప్రయాణికుల పుస్తకం తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక పేరు పిలుస్తాడు, నీళ్ల వైపు చూస్తాడు, ఆగుతాడు. ఇంకో పేరు. ఆఖరి పేరు అతని కొడుకుది. దాని దగ్గరికి వచ్చి, చదవకుండా పుస్తకం మూసేశాడు.

"వన్స్ మోర్!"

పాతికేళ్లు రివిట్ల మోతను మించి మాట్లాడి పెరిగిన గొంతు అది. ముసలి నటుడి చేతిలో లాంతరు ఊగింది. ముందు రెండు వరసల తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వాళ్లకు వినబడలేదనుకున్నాడు కాబోలు, బావ లేచి నిలబడి వేదికకు చేతులు జోడించి ఇంకా గట్టిగా అరిచాడు. "వన్స్ మోర్!" ఆయన కళ్ల నిండా నీళ్లున్నాయి.

"మాద్రాజీ భూతం!" అన్నారెవరో. ఎవరో నవ్వారు. టార్చిలైటు పట్టుకుని హాలు మనిషి వచ్చాడు. "దాదా, బయటికి పదండి" అని బెంగాలీలో అని, లైటు నా మొహం మీదకు తిప్పాడు. "ఈయన మీ మనిషా?"

"ఆమి చినీ నా" అన్నాను. ఎరగను అని.

నేను కూర్చున్నది బావకు కుడి వైపున. వినబడే చెవి వైపు.

ఆయన నా వైపు చూడలేదు. పంచె సర్దుకుని, జనం మోకాళ్లు తప్పించుకుంటూ వరస దాటి వెళ్లిపోయాడు. మిగిలిన నలభై నిమిషాలు నేను కదలకుండా కూర్చున్నాను. అప్పుడు ఏం చూశానో నా పుస్తకంలో లేదు.

హౌరాలో ప్లాట్‌ఫారం బెంచీ మీద దొరికాడు. అక్క ఇద్దరికీ కట్టిచ్చిన చపాతీలు ఒక్కడే తింటున్నాడు. ఆఖరిది మడిచి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మాట్లాడాడు.

"బాగుంది."

నేను బెంచీ రెండో చివర కూర్చున్నాను.

"నాను రాగం తీసి తీసి తెచ్చేది ఆ ముసిలోడు పుస్తకం మూసి తెచ్చినాడు. మాట మాటే. కిరీటం పెట్టిలో ఎట్టీసినాను."

"బావా..."

"ఎవుడ్రా నీకు బావ? నన్నెరగవు కదా." మూట గుడ్డ దులిపి మడిచాడు. "మూడొందల రాత్రులు ఆడినాడంట. ఒక్క నాయాలు మళ్లీ సెప్పమన్నేదు. ఏటి మనుసులురా ఈళ్లు!"

బండి వచ్చాక ఆయన వేరే పెట్టె ఎక్కాడు.

నాకు జాలి కలిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలగలేదు. గెలిచాననిపించింది. పందెం రద్దు చేద్దామని ఒక్క మాట నేను అని ఉంటే ఆయన ఆ ఏడు ఆడేవాడు. అనలేదు. ఉత్సవ కమిటీ మీటింగులో ఆయన లేచి "ఈ ఏడు పద్యం నేదు, కుర్రోడికి ఇచ్చీయండి" అన్నప్పుడు తల వంచుకుని మినిట్స్ రాశాను.

ఉత్సవానికి నేను తుఫాను రంగం ఉన్న వచన నాటకం ఒకటి వేయించాను. మొదటి ఏర్పాట్లన్నీ తుఫానుకే. దీపాలు తగ్గించడానికి ఉప్పునీళ్ల జాడీలు: నీళ్లలో కరెంటు పారే రెండు రేకులు, వాటిని దూరం జరిపితే దీపం తగ్గుతుంది. మెరుపుకు పాత టార్చి బ్యాటరీల్లోంచి తీసిన బొగ్గు కడ్డీలు, కరెంటు పెట్టి ఒకదానికొకటి తాకిస్తే భగ్గుమంటాయి. ఊరగాయ జాడీలు ఖరిదా పేటలో ఇల్లిల్లూ అడిగి తెచ్చాను. అక్క తన జాడీ ఇవ్వలేదు. "దాంట్లో ఆవకాయుంది" అంది. ఖాళీ జాడీ బోర్లించి ఆమె పక్కనే ఉంది.

బావ మొదటి వరసలో మధ్య కుర్చీలో, అదే పట్టంచు పంచెతో కూర్చున్నాడు. మొదటి రంగాలకు జనం దగ్గారు, వక్కలు కొరికారు. తుఫాను వచ్చింది. దీపాలు నేననుకున్నట్టే, కంటికి తెలియకుండా తగ్గాయి. మెరుపు సరిగ్గా పడింది. కలకత్తా వాళ్లకన్నా బాగా పడిందని ఇప్పటికీ అంటాను. దీపాలు మళ్లీ వచ్చాయి. నాయకుడు నోరు తెరిచాడు.

"వన్స్ మోర్!"

ఆ గొంతు నాకు తెలుసు. ఒక్క క్షణం తర్వాత హాలంతా అందుకుంది. వన్స్ మోర్! వన్స్ మోర్! నాయకుడు నా వైపు చూశాడు.

"కుదరదు!" అని తెర పక్కనుంచి అరిచాను. "నీళ్లు వేడెక్కిపోయాయి! ఇది పద్యం కాదు!"

"మీ బావ అడుగుతుంటే కుదరదంటావేటిరా!" అని వెనక నుంచి ఎవరో. నవ్వులు. కేకలు ఆగలేదు. నాటకం ముందుకు సాగే దారి ఒక్కటే.

మళ్లీ చేశాను. వేడి ఉప్పునీళ్లలో కరెంటు ఇంకా సులువుగా పారుతుంది. రేకులు ఎంత దూరం జరిపినా దీపాలు తగ్గలేదు. పట్టపగల్లాంటి వెలుతురులో ఇద్దరు ఫిట్టర్లు ఖాకీ నిక్కర్లతో ఉరుము కోసం రేకు ఊపడం, ఇంకో ఇద్దరు అలలు లాగడం ఊరంతా చూసింది. అరిగిన బొగ్గు కడ్డీ విరిగి నా వేళ్లు కాలాయి. చప్పట్లు మొదటిసారికన్నా ఎక్కువ పడ్డాయి.

ఆ హాల్లో ఆయన గొంతు అంత గట్టిగా వినబడటం అదే ఆఖరు. మరుసటి ఏడు కమిటీ వాళ్లే వెళ్లి మళ్లీ వేషం వెయ్యమని అడిగారు. హార్మోనియం ముందు కూర్చుని ఒక పద్యం ఎత్తుకుని, మధ్యలో ఆపేసి లేచిపోయాడట. శ్రుతి అందలేదు.

నా నాటకం ఆడిన ఉత్సవం రోజు మాత్రం, అది ముగియగానే కాలిన వేళ్లతోనే తిన్నగా ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లాను. అక్క పక్కనే నిలబడి ఉంది.

"నచ్చి అడిగావా, నా పరువు తియ్యడానికి అడిగావా?" అన్నాను.

"ఆఁ? ఏటీ?" అని బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు.

మళ్లీ అడిగాను, ఇంకా గట్టిగా. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు చూశాను. ఆయన చెయ్యి పెట్టుకున్నది ఎప్పుడో పోయిన ఎడమ చెవి దగ్గర.