ఆస్ట్రేలియా సారు నేర్పిన పలకరింపు

మొన్న జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, మా పెద్దన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు." దోహాలో మేమంతా కాకా అని పిలుచుకున్న మనిషి ఆయన. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం స్టేడియం కడుతున్న రోజుల్లో పరంజా కట్టే గ్యాంగుకు మేస్త్రీ. నేను ఆ సైటులోనే టైమ్‌కీపర్ని. మెసేజ్ విన్నప్పటి నుంచి నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.

తెల్లవారుజామున మా లేబర్ క్యాంపు బర్వా అల్ బరాహా నుంచి బస్సు కదిలేది. పొగమంచులో సగం కట్టిన స్టేడియం నేలను వదిలి తేలుతున్నట్టు కనిపించేది. కాకా కిటికీకి తల ఆనించి తన కలలు చెప్పేవాడు. ఆయన కలలో మ్యాచ్ మా పరంజా మీదే జరిగేది. ఆటగాళ్ళంతా నడుముకు సేఫ్టీ బెల్టులు కట్టుకుని ఆడేవాళ్ళు. "బెల్టు లేనోన్ని నేనే దింపేసిన" అనేవాడు గర్వంగా.

ఆయనకు ఇంగ్లీషు నేర్పింది మా సూపర్‌వైజరు, ఆస్ట్రేలియా సారు. ఇష్టమైనవాడు కనబడితే భుజం చరిచి "ఓల్డ్ బాస్టర్డ్" అనేవాడాయన. అది పుట్టుకను ఎత్తి తిట్టే మాటని ఉండబట్టలేక నేను కాకాకు చెప్పాను. కాకా నవ్వాడు. "గా మొఖం తిట్టే మొఖం గాదురా. మన దోస్తులు ఒకల్నొకలు ఏమనుకుంటరో యాది జేస్కో." ఆ తర్వాత తనకు నచ్చిన ప్రతివాడినీ ఆ మాటతోనే పలకరించాడు.

అమెరికా నుంచి కొత్తగా వచ్చిన సేఫ్టీ మేడం ఒకరోజు మండుటెండలో తన నీళ్ళ సీసా ఆయనకు ఇచ్చింది. అంతే, ఆమె అయినవాళ్ళలో చేరిపోయింది. మర్నాడు పొద్దున్నే కాకా నిండు నవ్వుతో "గుడ్ మార్నింగ్, ఓల్డ్ బాస్టర్డ్" అన్నాడు. ఆమె మొహం కందిపోయింది. అక్కడికక్కడే ఆయన బ్యాడ్జి తీసేసుకుంది. కాకాను ఇండియా పంపేస్తారని మధ్యాహ్నానికల్లా సైటంతా చెప్పుకున్నారు.

ఆస్ట్రేలియా సారు ఆమె ఆఫీసుకు పరిగెత్తాడు. "మా దేశంలో అది ప్రేమగా అనే మాట" అన్నాడు. "మా దేశంలో కాదు" అందామె. ఇద్దరిదీ ఇంగ్లీషే, అయినా ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు. చివరికి ఆమె కాకాను పిలిపించి, నన్ను తర్జుమా చెయ్యమంది. అసలు తనను ఏమనాలనుకున్నాడని అడిగింది.

కాకా హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. "బిడ్డా అందామనుకున్న. ఇంగ్లీషుల దాన్నేమంటరో నాకెర్కలేదు. సారు ప్రేమతోని అనే మాట గదొక్కటే నేర్సిన."

ఆయన మాటలు ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె లేచి వచ్చి, బ్యాడ్జి తనే ఆయన మెడలో వేసింది. ‘బిడ్డా’ అన్న మాట తెలుగులో మళ్ళీ చెప్పమంది. ఆయన చెప్పాడు. ఆమె నోరు తిరగక తంటాలు పడుతూ పలుకుతుంటే, కాకా హెల్మెట్‌ను గుండెకు ఆనించుకుని, పసిపిల్ల తొలి పలుకులు వింటున్న తండ్రిలా నిలబడిపోయాడు.