అక్క క్వాలిఫయింగ్, నా వ్యూహం

ఆ రోజుల్లో, అంటే గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, టీవీలో చూసిన విద్యలన్నీ నాకు వచ్చేసినట్టే లెక్క. కారు పందేలు ఒక్కటీ వదిలేవాణ్ణి కాదు. టైరు వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటుందని, మరీ వేడెక్కితే అరిగి జారుతుందని, ట్రాక్‌ను మూడు సెక్టార్లు చేసి ఒక్కోదానికీ విడిగా టైము చూస్తారని క్యాంటీన్‌లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. (నేను మాత్రం ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లేవాణ్ణి. స్కూటర్ నడపడం కూడా రాదు.) ఆ ఉపన్యాసాలను శ్రద్ధగా విన్న మనిషి ఒక్కరే, మా టీమ్ లీడ్. కొత్తగూడలోనే పుట్టి పెరిగిన ఆవిణ్ణి అందరం అక్కా అనేవాళ్లం. ఏటా మా కంపెనీ పెట్టే గో-కార్ట్‌ల, అంటే పైకప్పు లేని బుల్లి రేసు కార్ల, పందెంలో కిందటిసారి ఆవిడ అందరికన్నా వెనకబడింది. అప్పట్నుంచీ ఆవిడ కనబడితే చాలు, పక్క టీమ్ వాళ్లు లాస్ట్ బస్సు వచ్చిందనేవారు. ఆవిడ నవ్వేసేది గానీ, ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, ఈసారి ఫైనల్ల ఉండాలె. మల్ల గా మాటలు పడుడు నాతోని కాదు. ఎట్ల నడపాల్నో నువ్వే చెప్పు," అంది. అడక్కుండానే సలహాలిచ్చేవాణ్ణి, అడిగితే ఆగుతానా?

ఫైనల్‌కు ముందు క్వాలిఫయింగ్ ఉంటుంది. ఇచ్చిన కొద్ది నిమిషాల్లో ఎన్ని చుట్లయినా తిరగొచ్చు, అన్నిట్లోకీ వేగమైన చుట్టే లెక్క. మిగతావాళ్లు జెండా ఊపగానే తొక్కడం మొదలెట్టారు. మా వ్యూహం వేరు. టైర్లను మెల్లగా వేడెక్కించాలి, ట్రాక్ ఖాళీ అవ్వాలి, అప్పుడు ఒకే ఒక్క చుట్టు. నేను కంచె అవతల నిలబడి, అక్క నా ముందునుంచి వెళ్లినప్పుడల్లా నెమ్మది, నెమ్మది అని చేత్తో సైగ చేశాను. పాపం, ఆవిడ పెళ్లి ఊరేగింపు కారులా కదిలింది. (కిరాయి కార్ట్‌లకు గట్టి టైర్లు వేస్తారనీ, వాటికి ఇంత సేవ అక్కర్లేదనీ నాకు తర్వాత తెలిసింది.) చివరికి, ఇక పొమ్మని చెయ్యెత్తాను. అక్క దూసుకుపోయింది. మొదటి సెక్టార్ అందరికన్నా వేగం, రెండోది కూడా. టైములు చూపే తెర మీద ఆ అంకెలు చూసి గంతేశాను. మూడో సెక్టార్‌లో ఉండగా టైము అయిపోయింది. నిర్వాహకులు రిమోట్ నొక్కారు, బళ్లన్నీ ఒక్కసారిగా నెమ్మదించాయి. అక్క ఈసారీ అందరికన్నా వెనకే.

తిడుతుందనుకున్నాను. ఆవిడ దిగి, హెల్మెట్ తీసి, వంగి ఒక టైరు తడిమి చూసింది.

"టైర్లయితే కొత్తగనే ఉన్నయ్ తమ్మీ."

అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. కళ్లల్లో నీళ్లు చూసింది మాత్రం నేనొక్కణ్ణే. చాలా బాధేసింది.

మరుసటి ఏడు ఆవిడ నన్నేమీ అడగలేదు. జెండా ఊపిన దగ్గర్నుంచి తొక్కుతూనే ఉంది, దర్జాగా ఫైనల్ చేరింది. పక్క టీమ్ వాళ్లే లేచి చప్పట్లు కొట్టారు. నేనూ అరచేతులు మండేదాకా కొట్టాను. కొడుతూనే, చివరి సెక్టార్‌లో టైర్లు కాస్త చూసుకుని ఉంటే ఇంకా బాగుండేదని పక్కవాడికి వివరించాను. ఇప్పుడు నన్నెవరైనా దారి అడిగితే, చెప్పాక, ఎందుకైనా మంచిది ఇంకొకర్ని కూడా అడగండి అంటున్నాను. అప్పట్లో నేనైన ఆ కుర్రాడి ధైర్యం గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది.