అవ్వ మంచం, అయిదు స్పీకర్లు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి ఉండేంత జ్ఞానం ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. మార్కాపురంలో ఒక టీవీల దుకాణంలో చేరి అప్పటికి నాకు కొన్ని నెలలే. అంతకుముందు గిద్దలూరులో మా చర్చి సంఘానికి మైకులు, స్పీకర్లు చూసుకునేవాణ్ణి. ఈ రెండూ కలిసి, శబ్దాన్ని చేసింది దేవుడే అయినా దాని నిర్వహణ మాత్రం నాకే అప్పగించాడన్న నమ్మకంలో ఉండేవాణ్ణి. (గర్వం మంచిది కాదని సండేస్కూల్లో పిల్లలకు పాఠం చెప్పిందీ నేనే. ఆ పాఠం పిల్లల కోసమని అనుకునేవాణ్ణి.)

గిద్దలూరులో మా పెద్దమామకు హోమ్ థియేటర్ ఇప్పించింది నేనే. ఒక పెద్ద పెట్టె, అయిదు చిన్న స్పీకర్లు. అయిదింటినీ టీవీ ఉన్న గదిలోనే చుట్టూ పెట్టుకోవాలని అట్టపెట్టె మీద బొమ్మ వేసి ఉంది. పెద్దమామ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఏంది అల్లుడూ ఇది? అయిదూ ఒక్క గదిలోనే పెడితే ఇంట్లో మిగతావాళ్ళు ఏం పాపం చేసినారు?" అన్నాడు. ఆయన సంఘపెద్ద. ప్రభురాత్రి భోజనంలో రొట్టె ముక్క ఎవరికీ ఎక్కువ తక్కువ రాకుండా చూసే మనిషి. స్పీకర్లనూ అదే న్యాయంతో పంచాడు. హాల్లో ఒకటి, వసారాలో ఒకటి, వంటింట్లో అత్తకొకటి, వెనక గదిలో అవ్వకొకటి, చివరిది బర్రెల కొట్టంలో. ("పాలు పిండేటప్పుడు నాకు పాటలొద్దా?") నాకు ఆ ఏర్పాటు ఎంతో ఆత్మీయంగా తోచింది. గోడలకు కన్నాలు కొట్టి, తీగలు లాగి, సిమెంటుతో పూడ్చింది కూడా నేనే. సీడీలో పాటలు పెడితే అన్ని చోట్లా ఒకేలా వినిపించేవి. బర్రె కూడా పాలు ఎక్కువ ఇస్తోందని పెద్దమామ ఆరాధనలో సాక్ష్యం చెప్పుకున్నాడు.

ఇలా ఉండగా, యర్రగొండపాలెం సువార్త సభల్లో చిన్నమామకు మొదటిసారి వాక్యం చెప్పే అవకాశం వచ్చింది. కడుపులో ఉండగానే అవ్వ ఆయన్ని దేవుని సేవకు ప్రతిష్ఠించింది. కానీ చిన్నమామకు నలుగురి ముందు నిలబడితే నాలుక మడతపడేది. ఇంట్లో భోజనానికి ప్రార్థన చేయమన్నా అన్నం చల్లారేదాకా మొదటి మాట దొరికేది కాదు. కొడుకు నిలబడి చెబుతుంటే ముందు వరసలో కూర్చుని ప్రార్థన చేయాలని అవ్వ ఏళ్ళ తరబడి కాచుకుంది. తీరా ఆ సమయానికి కాలు విరిగి, కట్టుతో మంచం మీద ఉంది. "రికార్డు చేయించి తర్వాత వినిపిస్తాలే అవ్వా" అన్నాను.

"తర్వాత ఎందుకురా? వాడు తడబడేది అప్పుడు. నేను ప్రార్థన చెయ్యాల్సిందీ అప్పుడే. అంతా అయిపోయినాక చేస్తే దేవుడు నవ్వడా?"

సభల నిర్వాహకులకు ఫోను చేశాను. సభలు ఇంటర్నెట్టులో ప్రత్యక్ష ప్రసారం అవుతాయని తెలిసింది. ఫోను చెవికి ఆనిస్తే దోమ పాడినట్టుందే గాని మాట తెలియడం లేదంటుంది అవ్వ. అయినా ఆమె గదిలో స్పీకరు ఉంది కదా! టీవీకి ఇంటర్నెట్టు తెచ్చే వేలెడంత స్టిక్కు ఒకటి కొనుక్కుని, ముందురోజే ఊరికి వెళ్ళాను.

"ఈ ఎరుపు తెలుపు తీగలు పాతకాలానివి మామా" అంటూ సీడీ ప్లేయరు తీగలు పీకేశాను. స్టిక్కును హోమ్ థియేటరుకు గుచ్చి, అక్కణ్ణించి ఒకే ఒక్క తీగ టీవీకి కలిపాను. నెట్టు నా ఫోను నుంచే. స్టిక్కు మొదట భాష అడిగింది, తర్వాత నా పేరడిగింది, పాస్‌వర్డు అడిగింది, ఒప్పుకుంటావా లేదా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. పెద్దమామకు విసుగొచ్చి, "బాప్తిస్మానికి కూడా మనం ఇన్ని ప్రశ్నలు అడగం గదరా!" అన్నాడు. ఎట్టకేలకు ఒక పాట మోగింది.

"అవ్వా, వినిపిస్తాందా?" అని కేకేశాను.

"డప్పు బాగా వినిపిస్తాంది నాయనా!" అంది వెనక గది నుంచి.

డప్పు వినిపిస్తే అన్నీ వినిపించినట్టేనని తీర్మానించుకుని, హాయిగా భోంచేసి పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం హాలు నిండా సంఘస్థులు. తెల్ల చొక్కాలో చిన్నమామ టీవీలోకి వచ్చాడు. నోరు తెరిచాడు. కీబోర్డు సన్నగా మోగుతోంది, జనం హోరు వినిపిస్తోంది, చిన్నమామ మాట మాత్రం లేదు. పెదవులు కదులుతున్నాయంతే. "అయిపోయింది. మళ్ళీ నాలుక మడతపడినాది వానికి" అని పెద్దమామ తల పట్టుకున్నాడు. వెనక గదిలోంచి అవ్వ, "ఏమంటాండాడురా? నాకు చప్పట్లు తప్ప ఏం రాలే!" అని అడిగింది. "ఇంకా మొదలుపెట్టలేదవ్వా" అన్నాను. అంతే, పెద్దమామ మోకాళ్ళూనాడు. హాలంతా మోకాళ్ళూనింది. నీ దాసుని నోరు తెరువు ప్రభువా అని అందరం గొంతెత్తి మొరపెడుతుండగా, అత్త చేతిలో గరిటెతో వంటింట్లోంచి వచ్చింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఎంత బాగా చెప్తాండాడయ్యా మీ తమ్ముడు! మీరేంది, వినకుండా ఈ అరుపులు? వాక్యం చెప్పేటప్పుడు అట్ల గోల చెయ్యొచ్చునా?"

అందరం వంటింటికి పరుగెత్తాం. అక్కడ అలమరలో, చింతపండు డబ్బా పక్కనున్న స్పీకరులోంచి చిన్నమామ గొంతు ఖంగుమంటోంది. అప్పుడు వెలిగింది నాకు. కొత్త స్టిక్కు తగిలేసరికి ఆ యంత్రం తన అసలు పని మొదలుపెట్టింది. సినిమా హాల్లో మాదిరిగా మాటంతా మధ్య స్పీకరుకు, సంగీతం పక్కవాటికి, చప్పట్లు వెనకవాటికి పంచుతోంది. మధ్య స్పీకరు వంటింట్లో ఉంది. వెనకవి రెండూ అవ్వకూ బర్రెకూ ఇచ్చాం.

స్పీకరును అవ్వ గదికి తీసుకెళదామని లాగాను. సిమెంటులో ఉన్న తీగ కదిలితేనా! "ఎవడ్రా దీన్ని ఇంత గట్టిగా పూడ్చింది?" అన్నాడు పెద్దమామ. (నేను చింతపండు డబ్బా వైపు చూశాను.) "ఇది రాకపోతే అమ్మనే తెద్దాం పట్టండి" అన్నాడు వెంటనే. నలుగురం నాలుగు కోళ్ళు పట్టి అవ్వను మంచంతో సహా లేపాం. రోగిని మంచంతో మోసుకొచ్చి, జనం అడ్డముంటే ఇంటికప్పు విప్పి ప్రభువు ముందు దించిన ఆ నలుగురి సంగతి మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అవ్వకు అదే గుర్తొచ్చినట్టుంది. "కప్పు జోలికి పోవద్దురా, వాకిట్లోంచే తీసుకపోండి" అంది.

మంచం పొయ్యి పక్కన దించామో లేదో, స్పీకరులో గొంతు ఆగిపోయింది. ఈసారి నిజంగానే ఆగింది. అవ్వ రెండు చేతులూ పైకెత్తి, "అయ్యా, వాణ్ణి నీకే ఇచ్చినా. నువ్వే చూసుకో" అంది. చిన్నమామ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ అందుకున్నాడు. ఇంక చివరిదాకా ఆగలేదు. అవ్వ కళ్ళు మూసుకుని, ఒక్కో మాటకూ తలూపుతూ విన్నది.

ప్రత్యక్ష ప్రసారమని అంటాం గాని, అది మన దాకా వచ్చేసరికి అర నిమిషమైనా పడుతుంది. అంటే అవ్వ చేతులెత్తే సమయానికే అక్కడ చిన్నమామ తేరుకుని ఉంటాడు. ఈ శాస్త్ర విషయం అందరికీ వివరిద్దామని నోరు తెరిచాను. అత్త గరిటెతో నా వైపు తిరిగింది. మూసుకున్నాను. (అర నిమిషం ఆలస్యం మనకే గాని దేవుడికి కాదని నాకు తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది.)

తర్వాతి వారం దుకాణంలో తీరిగ్గా చూస్తే, అన్ని స్పీకర్లలో ఒకేలా మోగించడానికి రిమోటులోనే ఒక మీట ఉందని తెలిసింది. ఆదివారం ఊరికెళ్ళి, అందరూ చూస్తుండగా దాన్ని నొక్కాను. ఇంకో సభలో ఇంకెవరో అయ్యగారి ప్రసంగం అయిదు చోట్లా ముత్యాల్లా వినిపించింది. "అవ్వా, ఇప్పుడెట్లుంది?" అని గర్వంగా అరిచాను.

"మాట స్పష్టంగా ఉంది నాయనా" అంది అవ్వ. మళ్ళీ తనే, "ఈడ మనుషులే లేరు. రండి, మంచం ఎత్తండి" అంది.

రిమోటు జేబులో దోపుకుని మంచం కోడు పట్టుకున్నాను. ప్రతి ఆదివారం ఇదే బరువా అని ఆ రోజు గొణిగిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అన్నీ తెలిసినవాడు, పాపం, అవ్వ ఉన్న ఆదివారాలు ఎన్నటికీ అయిపోవనుకున్నాడు.