బ్యాటరీ నీళ్లు

పెనుకొండలో లారీల బ్యాటరీలకు నీళ్లు కాచిందంటే బుడన్‌బీనే. మొగుడు పోయినాక ఆయన బ్యాటరీ షాపు, దాని వెనక పొయ్యి ఆమె చేతికొచ్చినాయి. మూతేసిన రాగి బిందెలో బోరునీళ్లు సన్నసెగ మీద కాగేవి. ఆవిరి గొట్టంలో పోయి, చన్నీళ్ల తొట్టిలో చల్లబడి, సీసాలోకి బొట్టుబొట్టుగా దిగేది. తొందరపడి కట్టెలు ఎగదోస్తే నీళ్లు పొంగి గొట్టంలోకి ఉప్పెక్కుతాది. అట్లయిన రోజు సీసా మొత్తం పారబోసేది.

"బ్యాటరీకి నోరుండదప్పా, చెడిపోయినాకే తెలుస్తాది" అనేది డ్రైవర్లతో.

బ్యాటరీ చెడితే అడిగేందుకు డ్రైవర్లుండారు. ఫ్లోరైడుండే అదే బోరునీళ్లు తాగి మా ఊరోళ్ల పండ్లు గారపట్టి, మోకాళ్లు బిగిసిపోతే అడిగినోడు లేడు. పందొమ్మిదొందల ఎనభైమూడులో బుడన్‌బీ కూడా మంచాన పడింది.

"ఆ సీసా నీళ్లు తాగమ్మా" అని కూతురు షాహిదా ఎంత బతిమాలినా, "అవి అమ్మే నీళ్లు" అని తోసేసింది.

పోయే ఘడియలో నోట్లో నీళ్లు పోయాల కదా. షాహిదా సీసా తెచ్చి, చెంచాతో పోసింది. బుడన్‌బీ మింగి కండ్లు తెరిచింది.

"సప్పగా ఉండాయి. మన నీళ్లు తేపో."

షాహిదా కండ్లు తుడుచుకుంటా పోయి, కుండలో బోరునీళ్లు ముంచుకొచ్చింది.