వీరాంజనేయులు ఆటపెట్టె సర్వే

పొదిలిలో వీరాంజనేయులు ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ప్రశ్నల ఆంజనేయులు ఇల్లు అంటే మాత్రం సందు మొదట్లోనే ఎవరో ఒకరు వేలు చూపిస్తారు. ఇరవై రెండేళ్లుగా అతని పని అడగడమే. ఏ సబ్బు వాడతారు, మిరపతోటకి ఏ మందు కొడతారు, టీ పొడి పొట్లం కొంటారా డబ్బా కొంటారా, ఇలా కంపెనీల తరఫున గుమ్మం గుమ్మం తిరిగి అడిగి రాసుకొచ్చేవాడు. వరసగా మూడేళ్లు కంది ఎండిపోయాక మెట్ట పొలం కౌలుకిచ్చేసి ఈ పనిలో పడ్డాడు.

అతనికో పద్ధతుంది. వెళ్లగానే ఫారం తీయడు, మంచినీళ్లడుగుతాడు. నీళ్లు తాగేలోగా ఇల్లు చూసుకుంటాడు. జనం అబద్ధాలాడతారని కాదు, కొత్త మనిషి ముందు ఓ మెట్టు పెంచి చెబుతారు. ఖరీదైన పేస్టు పేరు చెప్పిన ఇంటి పెరటి గోడ మీద పళ్లపొడి డబ్బా కనిపిస్తే, అదే ప్రశ్న ఇంకోలా అడిగి నవ్విస్తూ నిజం రాబట్టేవాడు. చెట్టు కింద కూర్చుని కల్పించి నింపిన ఫారం తన చేతి మీదుగా ఒక్కటీ పోలేదని అతనికి గర్వం.

మొన్న ఫిబ్రవరిలో హైదరాబాదు సర్వే సంస్థొకటి అతన్ని గుంటూరు పిలిపించింది. హోటలు హాల్లో సాయికౌశిక్ అనే సూపర్‌వైజరు, పాతికేళ్లవాడు, పలకంత వస్తువొకటి పట్టుకుని నిలబడ్డాడు. దానికి రెండు వైపులా మీటలు. టీవీ పక్కనున్న చిన్న పీటలో దాన్ని గుచ్చితే ఆట టీవీలోకొచ్చింది. బయటికి లాగితే అదే ఆట ఆగినచోటి నుంచే చేతిలో నడిచింది.

"ఇంట్లో టీవీ మీద ఆడుకోవచ్చు, బయట చేతిలో ఆడుకోవచ్చు. ముప్పై అయిదు వేలు. మన చిన్న ఊళ్లలో దీనికి మార్కెట్ ఉందా లేదా, కంపెనీకి కావల్సింది అదే అంకుల్," అన్నాడు కౌశిక్.

పొదిలి, పిడుగురాళ్ల, కొత్తపట్నం, ఊరికి ఇరవై ఇళ్లు. కాగితాల్లేవు, చేతికి ట్యాబ్ ఇచ్చారు. ప్రతి జవాబూ ఒకటి నుంచి అయిదులోపు అంకె, ఒకటంటే అస్సలు కాదు, అయిదంటే ఖాయం. నొక్కడమే గానీ రాయడానికి చోటు లేదు.

పని పొదిల్లోనే మొదలెట్టాడు. మొదటింట్లోనే చుక్కెదురైంది. మిరప కోతలనుంచి అప్పుడే వచ్చిన ఇల్లాల్ని, "విమానంలో వెళ్లేటప్పుడు ఆట ఆడుకోవడం మీకెంత ముఖ్యమమ్మా?" అని అడగాల్సి వచ్చింది. ఆవిడ నెత్తిన గుడ్డ విప్పుతూ పడీపడీ నవ్వింది. "నన్ను విమానం ఎక్కించు నాయనా, ఆడతానో నిద్రపోతానో అప్పుడు చెప్తా."

ఆ పక్కింటి హారిక ఇంటర్ చదువుతోంది. ఆటపెట్టె పేరు చెప్పగానే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. దాని గురించి యూట్యూబులో చూడని వీడియో లేదు.

"ఇబ్బంది మెషీన్ ధరతో కాదు బాబాయ్. ఒక్కో ఆటా నాలుగైదు వేలు. ఫోన్లో ఊరికే వస్తున్నాయిగా. ఆడేసిన ఆట ఇచ్చి ఇంకోటి మార్చుకునే కొట్టు ఒంగోల్లోనైనా ఉందా? అదుంటే మా ఫ్రెండ్స్ నలుగురం కలిసి కొంటాం. మరి నలుగురికీ ఒకటే మెషీన్ అని రాసుకుంటారా మీరు?"

రాసుకోవడానికి గడి లేదు. 'మీ ఇంట్లో ఎన్ని కొంటారు' అని మాత్రమే ఉంది. పావు అనే అంకె ట్యాబ్ ఒప్పుకోలేదు.

పిడుగురాళ్లలో ఖుర్షిదా సున్నపు బట్టీల పక్కన కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ఆమె ట్యాబ్‌లో ఆటపెట్టె బొమ్మని ఇటూ అటూ తిప్పి చూసి, "వెనక ఈ చిల్లులు దేనికన్నా?" అనడిగింది.

"లోపల ఫ్యానుందమ్మా. వేడి పోవడానికి."

"అయితే మా పేటలో ఆర్నెల్లు బతకదు. సున్నం దుమ్ము దూరి పోయినేడు టీవీ పోయింది, అంతకుముందు కంప్యూటరు పోయింది. దుమ్ము దూరకుండా చేస్తే పిల్లలకి నేనే కొంటా. బడినుంచొచ్చి రోడ్డు మీద లారీల మధ్య ఆడేకంటే నయం కదా."

కొత్తపట్నంలో యేసుపాదం వల బాగు చేసుకుంటూ చెప్పాడు. "సముద్రం మీదికి ఎవడు తీసుకెళ్తాడు సారూ, ఉప్పుగాలికి రేడియోలే తుప్పు పడతాయి. కానీ ఏప్రిల్‌లో వేట ఆపేస్తారుగా, రెండు నెలలు ఈ పేటంతా ఖాళీ. ఆ రెండు నెలలకి అద్దెకిస్తే ఇంటికొకటి పోతుంది. అద్దెకిస్తారా?"

వీరాంజనేయులుకి హుషారొచ్చింది. ఇన్నేళ్లలో ఏ సబ్బుకీ ఏ టీ పొడికీ ఇలాంటి జవాబులు రాలేదు. మార్కెట్ లేదని ఎవరూ అనడం లేదు. ఇలా అయితే ఉంది, అలా అయితే ఉంది అంటున్నారు. ట్యాబ్ మాత్రం 'కొంటారా' అంటుంది, ఒకటి నుంచి అయిదు. అద్దెకి తీసుకునేవాడికి ఏ అంకె నొక్కాలి? నొక్కకుండా వదిలేసి, అసలు మాటలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

వారం తిరక్కుండా కౌశిక్ ఫోను చేశాడు. "అంకుల్, మీ అరవైలో నలభై ఒకటి రిజెక్ట్ అయ్యాయి. ఖాళీలు వదిలారు. మళ్లీ వెళ్లి అంకెలు తీసుకురండి."

"బాబూ, వాళ్లు చెప్పింది అంకెల్లో పట్టదు. పుస్తకంలో రాశాను, పంపిస్తా చూడు. అద్దె పద్ధతి పెడితే—"

"అద్దె మన క్వశ్చనేర్‌లో లేదండీ."

"లేదు కాబట్టే కదా చెబుతున్నా!"

"నాకర్థమైంది అంకుల్. పైవాళ్లకి డేటా కావాలి, కథలు కాదు. నన్ను తినేస్తున్నారిక్కడ." కుర్రాడి గొంతు కూడా అలిసిపోయే ఉంది.

అయినా వీరాంజనేయులు ఊరుకోలేదు. నాలుగు పేజీలు శుభ్రంగా తిరగరాసి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. రెండ్రోజుల తర్వాత 'పెండింగ్ 41' అని మెసేజొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

మళ్లీ పొదిలిలో గడపలెక్కాడు. ఈసారి మంచినీళ్లడగడానికి కూడా మొహం చెల్లలేదు. "మొన్నేగా చెప్పాం, పనీపాటా లేదా నీకు?" అని ఒకామె తలుపేసేసింది. హారిక మాత్రం ఆత్రంగా ఎదురొచ్చింది.

"నే చెప్పింది కంపెనీవాళ్లకి అందిందా బాబాయ్? మార్చుకునే కొట్టు పెడతారంటా?"

"ముప్పై అయిదు వేలు పెట్టి కొంటావా కొనవా, అది చెప్పు తల్లీ. ఒకటి నుంచి అయిదు."

ఆ పిల్ల అతని మొహంలోకి చూసి, "మీ ఇష్టం, ఏదోటి వేసుకోండి," అని లోపలికెళ్లిపోయింది.

తిన్నగా బస్టాండుకొచ్చాడు. పిడుగురాళ్ల బస్సెక్కి ఆ దుమ్ములో ఖుర్షిదా ముందు నిలబడాలంటే మనసొప్పలేదు. బల్ల మీద కూలబడి ట్యాబ్ తీశాడు. మూడు నొక్కాడు. తర్వాతదానికీ మూడు. విమానానికి మూడు, టీవీకి మూడు, కొంటారా అంటే మూడు. ఎదురుగా రెండు ఒంగోలు బస్సులు వచ్చి వెళ్లేసరికి నలభై ఒక్క ఫారాలూ అయిపోయాయి. తిట్లు వస్తాయనుకున్నాడు. నిజానికి రావాలనే కోరుకున్నాడు. పది నిమిషాల్లో అన్నిటికీ పచ్చగుర్తులు పడ్డాయి. కింద కౌశిక్ మెసేజు: 'సూపర్ అంకుల్. క్లీన్ డేటా. రెండో విడతకి మీరే.'

ఇంటికొచ్చి భార్య పున్నమ్మకి జరిగింది చెప్పాడు. ఆవిడ కంచంలో అన్నం పెడుతూ, "పోనీలెండి, అందరూ చేసేదేగా," అంది, ఓదార్పుగానే. ఆ మాటే అతనికి గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లు తాను ఆ అందరిలో లేననే కదా అనుకుంటూ వచ్చింది. కంచం ముందు నుంచి లేచి పెరట్లోకెళ్లిపోయాడు.

మూడు రోజులు కౌశిక్ మెసేజుకి బదులివ్వలేదు. నాలుగో రోజు 'వస్తాను' అని కొట్టి, ఫోను బోర్లా పెట్టేశాడు.