ఎడమ మడ్‌గార్డు మీద తుప్పు

మా చిన్నాయన పోయాడు. మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి, అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదని చెప్పింది. ఇల్లు చేరేసరికి వాకిలి నిండా చెప్పులు. రేకుల షెడ్డులో మా పాత ఫియట్ మాత్రం గుడ్డ కప్పుకొని ఎప్పటిలాగే ఉంది. ఎందుకో లోపలికి వెళ్లకుండా ముందు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. అమీర్‌పేటలో మా ఇంటి కింది గదిలో ఉండేవాడు. నాన్న పోయాక నా చదువు, అమ్మ మందులు, కారే కుళాయిలు అన్నీ ఆయనే చూసుకున్నాడు. మహా చాదస్తం మనిషి. తన గ్లాసులో తప్ప చాయ్ తాగడు. ఆ చాదస్తమంతా ఒక ఎత్తు, కారు ఒక ఎత్తు.

కారు నాన్నది. మీగడ రంగు. ఆదివారం పొద్దున్నే చిన్నాయన దాని చుట్టూ తిరుగుతూ తలుపుల కింది అంచులు, డిక్కీ మూలలు వేలితో తడిమేవాడు. ఎక్కడైనా పెయింటు ఉబ్బినట్టు తగిలితే గోటితో నొక్కేవాడు. పెచ్చు లేచిందంటే కింద తుప్పు ఉన్నట్టే. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఎర్రటి ప్రైమర్ పూసి, అది ఆరాక సన్న బ్రష్షుతో రంగు వేసేవాడు. పక్కలకు అంటకుండా చుట్టూ అతికించే కాగితాలకు మా సందులో ఏం కొదవ? జావా నేర్చుకోండి, ఒరాకిల్ నేర్చుకోండి అంటూ గేటుకు గుచ్చిపోయే కరపత్రాలే. నా చేతికి గుడ్డ ఇస్తూ, "పైపైన పూస్తే లోపల తింటది బిడ్డా, మొత్తం గీకాలె" అనేవాడు.

మా ఆఫీసులో వాళ్లంతా లోన్లు పెట్టి కొత్త కార్లు కొంటున్న రోజులు. నేనూ తీసుకుంటానంటే సంతోషంగా సరేనన్నాడు కానీ ఫియట్‌ను అమ్మే మాట మాత్రం ఎత్తనివ్వలేదు.

ఆయనకు లొంగని మచ్చ ఒక్కటే ఉండేది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద, ఎంత గీకినా ఎంత పూసినా, వానలు పడ్డాయంటే పెసరగింజంత బుడిపె లేచేది. అది కనిపించగానే చిన్నాయన మెట్ల దగ్గరికి వచ్చి నన్ను పిలిచి, ఇంటికి చుట్టం వచ్చినట్టు మెల్లగా చెప్పేవాడు.

"అన్నొచ్చిండు బిడ్డా."

మొదట్లో నవ్వేదాన్ని. ఒకసారి అలా ఎందుకంటావని అడిగాను. గీకుతూనే చెప్పాడు.

నాన్నకు ఛాతీలో నొప్పి వచ్చిన రోజు కారు నడిపింది చిన్నాయనే. నాన్న వెనక సీట్లో పడుకున్నాడు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక ఆటో ఈ ఎడమ మడ్‌గార్డునే రాసుకుంటూ వచ్చి ఆగింది. చిన్నాయన అలవాటుకొద్దీ బండి ఆపి దిగాడు. గీత చూసుకున్నాడు, ఆటో అతనితో గొడవ పెట్టుకున్నాడు. వెనక సీట్లోంచి నాన్న, "పోనీ తియ్‌రా, చిన్న గీతనే" అన్నాడట. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ఆసుపత్రి చేరేసరికే ప్రాణం పోయింది.

ఆ కాసేపు ఆగడం వల్ల ఏమీ మారలేదని డాక్టరు అప్పుడే అమ్మతో చెప్పాడు. అమ్మ ఆ మాటే చిన్నాయనకు ఎన్నోసార్లు చెప్పింది. ఇదంతా విన్న రోజు నేనూ అదే చెప్పాను. నాకు కోపం రాలేదు. ఉప్పుకాగితం ఆపి నా వంక చూశాడు.

"డాక్టర్‌కేం ఎరుక బిడ్డా. నేను దిగిన."

ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. నేను నడపడం నేర్చుకున్నాక ఎక్కడికి తీసుకెళ్లినా వెనక సీట్లోనే కూర్చునేవాడు. పంజాగుట్ట రాగానే కళ్లు మూసుకునేవాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే నుదురు. అద్దంలో చూసినప్పుడు వెనక కూర్చున్నది ఎవరో ఒక్క క్షణం తెలిసేది కాదు. నాకు భయం వేసేది, వెంటనే ధైర్యంగానూ ఉండేది. మడ్‌గార్డే కొత్తది వేయిద్దామని ఒకసారి అడిగితే, "మరి అన్న ఏడికి రావాలె?" అన్నాడు.

చిన్నాయన పోయింది ఎండాకాలంలో. ఈమధ్య వానలు మొదలై, ముసురు పట్టి వదిలాక ఉప్పుకాగితం తీసుకొని షెడ్డులోకి వెళ్లాను. బుడిపె కనపడకపోతే బాగుండుననీ, కనపడాలనీ రెండూ అనిపించాయి. గుడ్డ తీశాను. ఎడమ మడ్‌గార్డు మీద అది లేచే ఉంది. దాని పక్కనే, ఇంతకుముందు ఎప్పుడూ లేనిచోట, ఇంకో చిన్న బుడిపె.

అక్కడే గొంతుక్కూర్చుండిపోయాను. ఏమైందని గుమ్మంలోంచి అమ్మ అడిగింది.

"ఇద్దరొచ్చిండ్రమ్మా" అన్నాను.

అమ్మ వచ్చి చాలాసేపు చూసింది. నా చేతిలోంచి ఉప్పుకాగితం తీసేసుకుంది. రేకుల సందుల్లోంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. వంగి, కొంగుతో ఆ రెండింటి మీది తడి తుడిచింది.