అడుగున జానెడు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే పదేళ్ళ మూడు నెలల వయసులో, మా నాయన నన్ను నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు తీసుకెళ్ళాడు. అవ్వ పోయి ఏడాది కావస్తోంది. ఆ ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. అంతకు ముందే సమాధికి రాయి నిలపాలి. రాయి చెక్కిన ముసలి ఆచారి అంటే నాయనకు గొప్ప గురి.

నాయన ఇంగ్లీషు పంతులు. బస్సులో నాకొక ఇంగ్లీషు మాట చెప్పాడు. పేరున్న మనిషిలో దాగిన లోపం బయటపడితే, ఆయనవి మట్టి పాదాలు అంటారట. అది మన బైబిల్లోని మాటే. దానియేలు అర్థం చెప్పిన రాజు కలలో పెద్ద ప్రతిమ ఉంటుంది. తల బంగారం, రొమ్ము వెండి, నడుము ఇత్తడి, కాళ్ళు ఇనుము. పాదాలు మాత్రం కొంత ఇనుము, కొంత మట్టి. ఎవరి చెయ్యీ పడకుండా ఊడివచ్చిన రాయి ఆ పాదాలకు తగిలింది. బంగారు తలతో సహా అంతా పొడైంది. బస్సు దిగేసరికి నా చూపు అందరి పాదాల మీదే ఉంది.

ఆచారి కొట్టంలో నాలుగడుగుల రాయి నిలబెట్టి ఉంది. పైన సిలువ, అవ్వ పేరు నిగనిగలాడుతున్నాయి. అడుగున జానెడు మేర నూనె పూసి ఉంది. మిగతా మూడుంపావు అడుగులకు లేని నూనె అక్కడే ఎందుకు? వేలితో గీకబోయాను.

"ఏందిమే ఆ పని! ఆయప్ప రాయినే అనుమానిస్తాండావా?" అని నాయన కసిరాడు.

ఆచారి చిన్న సుత్తి నా చేతికిచ్చాడు. "కొట్టి సూడు పాపా. పైనుంచి రా."

పైన గంటలా మోగింది. నడుమ కూడా మోగింది. అడుగున దబ్బుమంది. రెండో దెబ్బకు రాతిపొడి, లక్క కలిపిన పూత పెచ్చుగా ఊడి, బెత్తెడు పగులు బయటపడింది.

"నేనే పూసినా సారూ," అన్నాడు ఆచారి. "భూమిలోకి పోయే భాగమే గదా, ఎవురు సూస్తార్లే అనుకున్యా."

నాయన ముఖం వాడిపోయింది. అయినా, "పోనీలే ఆచారీ, ఆదివారానికి నిలబెట్టాల గదా" అన్నాడు. అప్పుడు నాకు నాయన మీదా అనుమానం పుట్టింది. ఆచారి మాత్రం పెద్ద సుత్తి తీసి, తన నెల రోజుల పనిని మూడు దెబ్బల్లో పగలగొట్టాడు.

కూడిక రాయి లేకుండానే జరిగింది. ఆ తర్వాత నలభై మూడో రోజున కొత్త రాయి వచ్చింది. దానికి ఎక్కడా నూనె లేదు. నాయన కొట్టి చూడలేదు. నేను చూశాను, అడుగు నుంచి పైదాకా. మోగింది.

ఇప్పటికీ మనుషులను పాదాల నుంచే చూస్తాను. మట్టి లేని పాదాలు ఇంతవరకు కనిపించలేదు, నావి కూడా కలిపి. సుత్తి తీసి నా చేతికిచ్చినవాడు మాత్రం ఆయనొక్కడే.